ఊ కొట్టని దాలమ్మ

జూటుమిల్లులో టెలిఫోను బోర్డు ముందు కూర్చున్న మొదటిరోజు దాలమ్మ ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాలేదు, ఎవరి ఇంగ్లీషూ దాలమ్మకు అర్థం కాలేదు.

పొద్దున్నే చీపురుపల్లి స్టేషన్‌కి లైను కలిపి, వ్యాగన్లు ఎప్పుడొస్తాయని అడిగింది. రంగూన్ టెలిఫోను ఎక్స్ఛేంజీలో మూడేళ్లు పనిచేసిన మనిషి. అక్కడ అలవాటైన తీరులోనే, మాటల చివరి అక్షరాలు మింగేస్తూ, గబగబా, మర్యాదగా అడిగింది. అవతల గూడ్సు గుమాస్తా రెండుసార్లు హలో అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఏ బాసమ్మా అది? తెలుగులో సెప్పు, బేగి పనైపోతాది," అన్నాడు.

తెలుగులో చెప్పింది. పనైపోయింది. కానీ దాలమ్మ చెవులు వేడెక్కాయి.

అది అరవై ఏడో సంవత్సరం జూన్ నెల. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. తండ్రి ఎల్లాజీది కళింగపట్నం దగ్గరి పల్లె. పదహారో ఏట ఓడెక్కి రంగూన్ వెళ్లి, రేవులో మూటలు మోసి, చివరికి క్రేను నడిపేదాకా ఎదిగాడు. ఒక్కగానొక్క కూతుర్ని మిషన్ బడిలో చదివించాడు. తల్లి అక్కడే పోయింది. బర్మాలో ప్రభుత్వం మారి, బయటినుంచి వచ్చినవాళ్ల కొలువులూ కొట్లూ ఊడిపోయినప్పుడు, వేలమందితో పాటు తండ్రీకూతుళ్లిద్దరూ ఓడెక్కి విశాఖపట్నంలో దిగారు. "ఇంటికొచ్చీసినాం," అన్నాడు ఎల్లాజీ. దాలమ్మకు అది ఇల్లెలా అవుతుందో తెలియలేదు. ఆమె పుట్టింది, పెరిగింది అక్కడ. అయినా తెలుగు వచ్చు గదా, రంగూన్ తెలుగువాడలో వినబడేది శ్రీకాకుళం తెలుగే గదా, భాషతో ఇబ్బంది ఉండదులే అనుకుంది. ఇబ్బంది ఇంగ్లీషుతో వచ్చింది.

మిల్లు చీపురుపల్లికి ఆరు మైళ్ల దూరంలో ఉంది. చుట్టుపక్కల మెట్టపొలాల్లో పండే గోగునారతో గోనెసంచులు నేస్తారు. యజమానులు కలకత్తాలో ఉంటారు. సంచులు కొనే ఏజెంటు మద్రాసులో. నార కొంత బరంపురం నుంచి వస్తుంది. యంత్రాలు చూసే పెద్ద ఇంజనీరు స్కాట్లండు దేశస్థుడు. వీళ్లందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే ఇంగ్లీషే దిక్కు. ఆ మాటలన్నీ వచ్చి పడేది దాలమ్మ చెవిలో.

యజమానుల ఆఫీసు నుంచి ఫోన్ చేసే కలకత్తా బాబు 'వెరీ' అనడు, 'భేరీ' అంటాడు. వ్యాగన్లు ఆయన నోట్లో 'భేగన్లు'. 'సిక్స్' అనేది 'షిక్స్'. బరంపురం వర్తకుడు ప్రతి మాట తోకకీ ఒక 'ఒ' తగిలించి 'బేలొ', 'రేటొ' అంటాడు. మద్రాసు ఏజెంటు ఎనిమిదిని 'యెయిట్టు' అనీ, ఆరుని 'సిక్సు' అని గట్టిగా మేకు దిగ్గొట్టినట్టూ అంటాడు. మనవాళ్లు 'ఇస్టాకు', 'ఇస్పీడు' అంటారు. రంగూన్ బడిలో నేర్పిన ఇంగ్లీషుకీ వీటికీ చుట్టరికం ఉందని నమ్మడమే కష్టమైంది ఆమెకు.

రెండోవారంలో కలకత్తా నుంచి దూరపు ఫోను, ట్రంక్‌కాల్, వచ్చింది. మేనేజరు లేడు. దాలమ్మ కబురు రాసుకుంది. గొర్రెలు రేపు విశాఖపట్నం వస్తున్నాయి, సరుకు సిద్ధంగా ఉంచండి అని. కలకత్తా బాబు చెప్పింది 'షిప్పు'. ఆమె చెవికి తగిలింది 'షీపు'. ఆ కాగితం ఆఫీసంతా తిరిగింది. వారంరోజుల పాటు ఆమె వరండాలో నడుస్తుంటే ఎవరో ఒకరు గొర్రెలా అరిచేవారు.

ఆమె ఏడవలేదు. రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించి, వాళ్లు ఏ మాటను ఎలా పలుకుతారో తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు అక్షరాలకు చిక్కని పలుకులు తెలుగు అక్షరాలకు సుఖంగా చిక్కాయి. అర్థం కాకపోతే, "మళ్లీ చెప్పండి సర్," అనేది. మళ్లీ కాకపోతే మళ్లీ అనేది. కలకత్తా బాబు మొదట విసుక్కున్నాడు. నెల తిరిగేసరికి, ఆమె అడక్కముందే ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పేవాడు. స్టేషన్ గుమాస్తా అయితే పందెం కట్టినట్టు ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు.

ఇది నచ్చనివాడు ఆఫీసు సూపరింటెండెంటు సీతారామారావు. విజయనగరంలో కాలేజీ చదువు చదివాడు, తెల్లటి పంచె, పైన కోటు. చెడ్డవాడు కాదు. కానీ పైవాళ్లు ఏమన్నా 'ఎస్సర్' అనడం ఉద్యోగధర్మమని ఇరవై ఏళ్లుగా నమ్మినవాడు. పెద్దవాళ్లను మాటిమాటికీ మళ్లీ చెప్పమనడం మర్యాద కాదని ఆమెకు రెండుసార్లు చెప్పి చూశాడు. పాత ఆపరేటరు పైడిరాజు ఏనాడూ ఒక్క ప్రశ్న అడగలేదనీ, ఎంత ఒద్దికగా ఉండేవాడో అనీ గుర్తుచేశాడు. పైడిరాజు ఏడాది కిందటే పోర్టులో ఉద్యోగం దొరికి విశాఖపట్నం వెళ్లిపోయాడు.

"అర్థమవకపోయినా ఎస్సర్ అనీడమేనాండీ?" అని దాలమ్మ అడిగింది.

"ముందు ఎస్సర్ అను. అర్థం తర్వాత అదే అవుతుంది," అన్నాడు సీతారామారావు.

అందరి ఇంగ్లీషూ ఒక ఎత్తు, పెద్ద ఇంజనీరు ఫెర్గసన్ ఇంగ్లీషు ఒక ఎత్తు. అరవై దగ్గర పడిన మనిషి, ఎర్రటి ముఖం, నడిస్తే పరుగే. కూలీలు అతన్ని పరుగుదొర అనేవారు. అతని నోట్లో ఆర్ అనే అక్షరం గులకరాళ్ల మీద బండి చక్రంలా దొర్లేది. 'డౌన్' అనేదాన్ని 'డూన్' అనేవాడు. అవుననడానికి 'అయ్' అనేవాడు. అతను బంగళా నుంచి ఫోన్ చేస్తే ఆఫీసులో ఒక్కడికీ సగం కంటే ఎక్కువ తెలిసేది కాదు. అందరూ ఎస్సర్ అనేవారు. తర్వాత ఒకరి ముఖాలొకరు చూసుకుని, దొర ఏమని ఉంటాడో ఊహించి, ఆ పని చేసేవారు. చాలాసార్లు ఊహ సరిపోయేది.

ఆగస్టులో ఒకరోజు పొద్దున పదిగంటలకు దొర ఫోన్ చేశాడు. ఇంజన్‌రూముకి కబురు చెప్పమన్నాడు. దాలమ్మకు 'స్టార్ట్' అన్న మాట వినబడింది. 'బిగ్ షాఫ్ట్' అన్నది వినబడింది. తాను దిగి వచ్చేదాకా అన్నట్టు ఏదో చివర వినబడింది. మొదట్లో ఒక ముక్క ఉంది. అది మాత్రం చెవికి అందలేదు. మళ్లీ చెప్పమంది. దొర మళ్లీ అన్నాడు. ఇంకోసారి అడిగింది. మూడోసారి అతను అరిచినట్టు అని, ఫోన్ దబాలున పెట్టేశాడు.

పక్కగదిలోంచి సీతారామారావు వచ్చి ఏమైందని అడిగాడు. విని, తల పట్టుకున్నాడు. స్టార్ట్ అన్నాడు కదా, షాఫ్టు అన్నాడు కదా, ఇంకేం కావాలి, స్టార్ట్ చెయ్యమని ఇంజన్‌రూముకి చెప్పెయ్యమన్నాడు.

"ముందొక మాటుందండి. అది తెలకుండా నాను సెప్పను."

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

అతను ఫోన్ అందుకోబోయాడు. దాలమ్మ ఇంజన్‌రూము ప్లగ్గు తీగతో సహా బోర్డులోంచి పీకి చేత్తో పట్టుకుంది. అలాగే లేచి, బోర్డు వదిలేసి, వరండా దిగి, బొగ్గుకుప్పల మధ్య నుంచి ఇంజన్‌రూము వైపు నడిచింది. బోర్డు వదిలి వెళ్లడమంటే ఉద్యోగం వదిలి వెళ్లడమే అని ఆమెకు తెలుసు. దారిలోనే బంగళా వైపు నుంచి వస్తున్న దొర ఎదురయ్యాడు. ఆ మొదటి మాటేమిటని అడిగింది. 'డినా' అన్నాడతను. డినా అంటే ఏమిటని అడిగింది. దొర ముఖం ఇంకా ఎర్రబడింది.

"డోంట్! మా దేశంలో డోంట్‌ని అలాగే అంటాం!" అన్నాడు. "నేను వచ్చేదాకా పెద్ద షాఫ్టు తిప్పొద్దు అన్నాను."

ఇంజన్‌రూములో, యంత్రాలన్నిటినీ తిప్పే పెద్ద షాఫ్టు కింద ఇద్దరు ఫిట్టర్లు వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తున్నారు. వాళ్ల కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. దాలమ్మ ఆ కాళ్ల వంక చూసింది. చేతిలో ప్లగ్గు ఇంకా అలాగే ఉంది. దొర కూడా ఆ ప్లగ్గు వంకా ఆమె వంకా చూశాడు. గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనం కూత వేసేసరికి ఈ సంగతి మిల్లంతా పాకింది. కుళాయి దగ్గర దాలమ్మ చేతులు కడుక్కుంటుంటే నార విడదీసే సెక్షనులో పనిచేసే లక్ష్మణమ్మ వచ్చి పక్కన నిలబడింది. ముప్పై ఏళ్ల మనిషి, జుట్టునిండా నారపీచు. దొర అన్న మాటేమిటో ఇంకోసారి చెప్పమంది. దాలమ్మ చెప్పింది.

"డినా," అని లక్ష్మణమ్మ తనలో తాను అనుకుంది. "మా ఇంటాయన సెయ్యి ఎల్లిపోయిన రోజు ఫోన్లో కూడా ఇలాటి మాటే ఏదో వచ్చిందని సెప్పుకున్నారమ్మా. దొర బోజనానికి ఎల్తన్నాడంట, రెండో నంబరు మిసను తిప్పీమన్నాడంట అని పైడిరాజుబాబు సెప్పినాడంట. మిసను తిప్పీసినారు. ఆయన సెయ్యి అందులో ఉన్నాది."

ఆమె భర్త సోములు, రెండేళ్ల కిందటి వరకూ ఆ మిల్లులోనే నూనెలు పోసే పనివాడు. నారను మెత్తబరిచే యంత్రం ఆగి ఉన్నప్పుడు రోలర్ల మధ్య చిక్కుకున్న పీచు తీస్తున్నాడు. యంత్రం కదిలింది. ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది. విచారణ జరిగింది. తాను తిప్పొద్దనే అన్నానని దొర చెప్పాడు. దొర వద్దన్నాడు కనుక యంత్రం ఆగే ఉండాలి, తిరుగుతున్నదంటే ఇతగాడే దాన్ని తిప్పి చెయ్యి పెట్టి ఉండాలి అని తేల్చి, కార్మికుడి అజాగ్రత్త అని రాసి, పనిలోంచి తీసేశారు. తాగి ఉన్నాడని కూడా ఊళ్లో అన్నారు. సోములు తాగడు. కానీ అప్పటినుంచి మిల్లు కూత వినబడితే అటువైపు చూడడు.

దాలమ్మ ఆ సాయంత్రం బోర్డు వెనక అలమరలో పాత రిజిస్టర్లు దించింది. ఏ ఫోను ఎవరు చేశారు, ఏమన్నారు అన్నది ఆపరేటరు ఒక వరస రాయాలి. అది మొదట్నుంచీ ఉన్న పద్ధతి. అరవై అయిదో సంవత్సరం నవంబరు దగ్గర ఆగింది. పైడిరాజు రాత ముత్యాల్లా ఉంది. పగలు పదకొండూ నలభై, బంగళా నుంచి పెద్ద ఇంజనీరు. దాని ఎదురుగా ఇంగ్లీషులో ఉంది: 'డిన్నర్. స్టార్ట్ నంబర్ టూ.'

ఆ వరస అక్కడ అందరికీ కనబడేట్టు రెండేళ్లుగా ఉంది. విచారణలో దాన్ని చూసినవాళ్లున్నారు, దొర మాటే నిజమని పక్కన పెట్టేశారు. పదకొండూ నలభైకి డిన్నరేమిటని ఒక్కరికీ తోచలేదు.

ఆదివారం దాలమ్మ వాళ్ల పల్లెకి నడిచి వెళ్లింది. సోములు వాకిట్లో కూర్చుని కుడిచేత్తో, కాలివేళ్లతో గోగునార తాడు పేనుతున్నాడు. ఆమె చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు. తర్వాత చాలాసేపు తాడు పేనుతూనే ఉన్నాడు.

"అయితే నాను సెయ్యి ఎట్టినప్పుడు మిసను ఆగే ఉన్నాదా?" అన్నాడు చివరికి.

"ఆగే ఉన్నాది."

"ఆగే ఉన్నాదనే నాను సెప్పినాను. సెప్పగా సెప్పగా, ఏమో, తిరుగుతున్నాదేమో, నాకే సరిగ్గా కనబడనేదేమో అని నాకే అనిపించీసింది." అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. లక్ష్మణమ్మ లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి, అతనికి కాకుండా దాలమ్మకు ఇచ్చింది.

సోమవారం దాలమ్మ రిజిస్టరు తీసుకుని సీతారామారావు గదికి వెళ్లింది. అతను వరస చదివాడు. ఇంకోసారి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అతనికి అర్థమైందనే దాలమ్మకు అనిపించింది. కానీ రిజిస్టరు మూసి, అయిపోయిన విషయం తవ్వడం ఎవరికీ మంచిది కాదన్నాడు. సోములు చెయ్యి తిరిగి రాదన్నాడు. ఆమె ఉద్యోగం ఆర్నెల్లకే ఇచ్చిన తాత్కాలిక ఉద్యోగమని, బర్మా నుంచి వచ్చినవాళ్లకు ఇంకో చోట పని దొరకడం ఎంత కష్టమో తనకు తెలుసనీ, నిజంగానే జాలిగా అన్నాడు.

సాయంత్రానికి మెమో వచ్చింది. బోర్డు వదిలి వెళ్లినందుకు, ఆఫీసు రిజిస్టరులోని సంగతులు బయటివాళ్లకు చెప్పినందుకు, మూడు రోజుల్లో క్షమాపణ రాసివ్వాలని. క్షమాపణ ఎలా రాయాలో కూడా టైపు చేసి జతపరిచారు. ఆమె కింద సంతకం పెడితే చాలు.

ఇంటికి వచ్చి ఆ కాగితం తండ్రికి చూపించింది. ఎల్లాజీ మొదట భయపడ్డాడు. ఓడ దిగొచ్చినవాళ్లం, మనకేల ఈ గొడవ, ఒక్క సంతకమే కదా అన్నాడు. దాలమ్మ పొయ్యి మీంచి అన్నం దించింది. ఆయన అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. రంగూన్‌లో చివరి నెలలో జరిగిన సంగతి ఒకటి చెప్పాడు. అంతకుముందెప్పుడూ కూతురికి చెప్పలేదు. రేవు ఆఫీసులో బర్మా భాషలో రాసిన కాగితం ఒకటి ముందు పెట్టారు. మాట్లాడ్డం వచ్చినా ఆ అక్షరాలు ఆయనకు రావు. ఏముందని అడిగితే చిన్నతనమనిపించింది. అందరూ పెడుతున్నారు, తానూ పెట్టాడు. ముప్పై ఏళ్ల నౌకరీ తన ఇష్టంతోనే వదులుకుంటున్నానని అందులో ఉందని ఓడ మీద ఎవరో చెబితే తెలిసింది.

"నాను సదవనేని కాయితం మీద ఏలుముద్ర ఎట్టీసినాను," అన్నాడు ఎల్లాజీ. "నువ్వు సదివినావు కదా. ఎట్టకు."

మూడోరోజు దాలమ్మ జవాబు రాసింది. టైపు చేసిన క్షమాపణను వెనక్కి పంపేసి, తన చేత్తో ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసిచ్చింది. బోర్డు వదిలి వెళ్లిన మాట నిజం, మళ్లీ అలాంటి అవసరం వస్తే మళ్లీ వెళతాను. సోములు విషయంలో రిజిస్టరు జనరల్ మేనేజరుగారి ఎదుట చదవాలని కోరుతున్నాను. దాన్ని సీతారామారావుకి ఇవ్వలేదు. జనరల్ మేనేజరు గుమ్మం ముందు నిలబడి, ఆయన బయటికి వచ్చినప్పుడు చేతికిచ్చింది.

మిల్లు జనరల్ మేనేజరు కూడా కలకత్తా మనిషే, ఫోన్లో ఆమె గొంతు రోజూ వినేవాడు. మర్నాడు పిలిపించాడు. గదిలో ఫెర్గసన్ దొర కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, సీతారామారావు గోడవారన. సోములునీ లక్ష్మణమ్మనీ దాలమ్మ ముందే రమ్మంది. వాళ్లు గుమ్మం బయట నిలబడ్డారు. సోములు రెండేళ్ల తర్వాత మిల్లు గేటు దాటడం అదే.

దాలమ్మ రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టింది. ఆ రోజు ఫోన్లో ఏమన్నారో, ఎలా అన్నారో అలాగే ఇంకోసారి అనమని దొరని అడిగింది. దొర ఆమె వంక చూసి, తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, తన మామూలు గొంతుతో అన్నాడు. డినా స్టార్ట్ నంబర్ టూ.

దాలమ్మ వేలు ఆ వరస మీద పెట్టింది. మేనేజరు చదివాడు. దొర వచ్చి, వంగి, చదివాడు. అతని ముఖంలో ఎరుపు దిగిపోయింది.

"అంటే నా నాలుకదా తప్పు?" అన్నాడు.

దాలమ్మ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. కంగారులో రంగూన్ తీరు తన్నుకొచ్చి చివరి అక్షరాలన్నీ మింగేసింది. దొరకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. అప్పటికీ కాలేదు. మూడోసారి ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మీ నాలుకది తప్పు కాదు. మీరలాగే పుట్టారు. తెలియకుండా ఎస్సర్ అన్న మాది తప్పు. మాకు తెలిసిందో లేదో అడక్కుండా ఫోన్ పెట్టేసిన మీది తప్పు. తప్పు లేనివాడు ఆ గుమ్మం బయట ఉన్నాడు. కాగితంలో ఆయన పేరొక్కటే ఉంది."

సీతారామారావు ఏదో అనబోయాడు. దొర చెయ్యెత్తి ఆపాడు. అతను గుమ్మం దాకా నడిచి సోములు ముందు నిలబడ్డాడు. ఏమన్నా అంటాడేమో అని అందరూ చూశారు. అతనికి తెలుగు రాదు, సోములుకి ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ అది ఆ క్షణంలో గుర్తొచ్చినట్టుంది. దొర వెనక్కి తిరిగి, కార్మికుడి అజాగ్రత్త అని రాసింది కొట్టేయమని మేనేజరుతో చెప్పాడు. కొట్టేసేదాకా తాను గదిలోంచి కదలనన్నాడు.

కొట్టేయడానికి నెల పట్టింది. కలకత్తా నుంచి అనుమతి రావాలన్నారు, ఫైలు విజయనగరం వకీలు దగ్గరుందన్నారు. దాలమ్మ ప్రతి శుక్రవారం వెళ్లి అడిగింది. చివరికి దసరాకి ముందు, కార్మికుడి అజాగ్రత్త కాదు, కబురు తప్పుగా అందడం వల్ల జరిగిన ప్రమాదం అని కాగితం వచ్చింది. లక్ష్మణమ్మ దాన్ని చదివించుకుని, తాగుబోతు అన్న ప్రతి ఇంటికీ పట్టుకెళ్లి మళ్లీ చదివించింది. చదవడం రాని ఇళ్లలో కూడా చేతికిచ్చి ముట్టుకోమంది. సోములుకి ఒంటిచేత్తో చెయ్యగలిగిన పని, గేటు దగ్గర లారీల నంబర్లు చూసి ఆఫీసుకి ఫోన్ చేసే పని ఇచ్చారు.

మిల్లులో కొత్త నిబంధన ఒకటి వచ్చింది. ఫోన్లో కబురు అందుకున్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి, పంపినవాడు అవునన్నాకే లైను తియ్యాలి. ఎవరెంతటివాళ్లయినా సరే. సీతారామారావు దాన్ని చక్కటి ఇంగ్లీషులో రాసి నోటీసు బోర్డు మీద అంటించాడు. కానీ దాలమ్మ మెమోని మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది ఆమె ఫైల్లోనే ఉండిపోయింది. ఆర్నెల్లకోసారి తాత్కాలికం, మళ్లీ తాత్కాలికం అంటూ రెండేళ్ల దాకా ఉద్యోగం ఖాయం చెయ్యలేదు. క్షమాపణ రాస్తే రేపే ఖాయమవుతుందని అతను మూడుసార్లు కబురు చేశాడు. మూడుసార్లూ ఆమె వద్దంది. అరవై తొమ్మిదిలో ఫెర్గసన్ తన దేశం వెళ్లిపోయాడు. పోయేదాకా డినా అనే అన్నాడు. ఆమె తిరిగి చెప్పేదాకా మాత్రం, పళ్లు కొరుకుతూనే అయినా, ఫోన్ పట్టుకుని నిలబడేవాడు. ఆ ఏడాదే ఆమె ఉద్యోగం ఖాయమైంది. క్షమాపణ లేకుండానే.

అరవై ఏడులోనే, సోములు కొత్త పనిలో చేరిన మొదటివారం గేటు నుంచి ఫోన్ చేశాడు. ఇంగ్లీషు అంకెలు అప్పుడే నేర్చుకున్నాడు, వాటిని లక్ష్మణమ్మ నారకట్టలు మోసినట్టు ఒక్కొక్కటీ మోసుకొచ్చి పడేస్తున్నాడు. లారీ నంబరు చెప్పాడు. చివరి అంకె దాలమ్మకు సరిగ్గా వినబడలేదు. ఫైవో నైనో తేలలేదు.

"మల్లీ సెప్పు మావా," అంది.

గేటు దగ్గర లారీ డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. "నన్నూ అడుగుతావేటమ్మీ?" అన్నాడు సోములు, కొంచెం నొచ్చుకున్నట్టు.

"అడుగుతాను. ఇనబడేదాకా అడుగుతాను."

అవతల హారన్ ఇంకా మోగుతోంది. సోములు లారీవాణ్ణి ఆగమని కేకేసి, మొదటి అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.